బొమ్మకు కూలి

మన విమర్శకుల చూపు పడని చోట్ల కూడా కళాసమస్యలు తలెత్తుతూనే వుంటాయి. ఒక్కొక్కప్పుడు అలాంటి చోటనే సమస్య ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పెద్దపెద్ద మాటలు వాడటం అలవాటైన మనుషులు తక్కువ. అమెరికాలో పుట్టి, ఇప్పుడు హైదరాబాదులో కూడా కొన్ని ఇళ్లలో శనివారం రాత్రిళ్లు సాగుతున్న ఒక ఆటను గురించీ, ఆ ఆట పుస్తకాలలోని బొమ్మలను గురించీ, ఆ బొమ్మలను యంత్రం చేత గీయించవచ్చునా అని 2022 నుంచీ నడుస్తున్న తగాదాను గురించీ ఈ వ్యాసంలో రాయదలిచాను. ఆట పిల్లలదనీ, తగాదా పరాయిదేశానిదనీ పాఠకులు తోసిపుచ్చవద్దని మనవి. ఆ బొమ్మలు గీసి బతికేవాడొకడు తెనాలిలో వున్నాడు. అతను నా విద్యార్థి.

ముందు ఆట సంగతి. దాన్ని ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర ధరిస్తారు. వేషాలు లేవు, రంగస్థలం లేదు, అంతా నోటిమాట. "మీ ఎదుట పాడుబడ్డ కోట. తలుపు సగం తెరిచివుంది. లోపలినుంచి తడిమట్టి వాసన వస్తున్నది. ఏం చేస్తారు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు. ఒకడు లోపలికి పోతానంటాడు, ఒకడు ముందు దివిటీ వెలిగిస్తానంటాడు. తలపెట్టిన పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. కథకు ముందే రాసిపెట్టిన ముగింపు వుండదు. మా అక్క కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తన ఇంట్లో ఈ ఆట నడుపుతున్నాడు. నేను నాలుగైదుసార్లు పక్కన కూచుని చూశాను, ఒకసారి దొంగ పాత్ర ధరించాను కూడా. అవధానాలు చూడటం అలవాటైన తెలుగు మాష్టరుకు ఇందులో వింత ఎక్కువ కనిపించదు. ఒకడు అడ్డంకి కల్పిస్తాడు, ఒకడు దాన్ని తప్పించుకుంటాడు. కాకపోతే ఇక్కడ పృచ్ఛకులూ అవధానీ కలిసి ఒకే కథ అల్లుతారు.

మాటలతోనే నడిచే ఆటకు బొమ్మలెందుకని మొదట్లో నేను మా మేనల్లుణ్ణి అడిగాను. అతను జవాబు చెప్పకుండా రాక్షసుల పుస్తకం తీసి ఒక పేజీ చూపించాడు. గాలిలో తేలే గుండ్రటి తల, మధ్య ఒక పెద్ద కన్ను, నెత్తిమీద కాడల చివర పది చిన్న కళ్లు. దాని పేరు బిహోల్డర్. ఈ జంతువు ఈ ఆటతోటే పుట్టింది. దాన్ని నలుగురికి మాటలతో వర్ణిస్తే నాలుగు రకాల జంతువులు తయారవుతాయి. బొమ్మ చూపిస్తే నలుగురూ ఒకే జంతువుకు భయపడతారు. అంటే ఈ పుస్తకాలలో బొమ్మ అలంకారం కాదు, ఆ ఆట వస్తువులో సగం చిత్రకారుడు సమకూర్చినదే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తగాదా అంత తీవ్రంగా ఎందుకు సాగిందో అర్థమవుతుంది.

అయితే ఆ బొమ్మల చరిత్ర అంత పవిత్రమైనదేమీ కాదు. ఈ ఆటలలో మొదటిదీ, ఇప్పటికీ అన్నిటికంటే పెద్దదీ డంజన్స్ అండ్ డ్రాగన్స్. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే ఊళ్లో టీయస్సార్ అనే చిన్న సంస్థ 1974లో వెయ్యి ప్రతులు వేసి, పెట్టెల్లో చేత్తో సర్ది అమ్మింది. పేరున్న చిత్రకారుల జోలికి పోయే తాహతు ఆ సంస్థకు లేదు. తెలిసినవాళ్ల చేత, చేయి ఇంకా తిరగని కుర్రవాళ్ల చేత బొమ్మలు గీయించారు. ఆ బొమ్మలలో కొన్ని మార్వెల్ వారి 1968 నాటి స్ట్రేంజ్ టేల్స్ సంచిక ముందు పెట్టుకుని దించినవి. పెట్టె మీది గుర్రపురౌతు కూడా అలా దిగినవాడే. కనక మనిషి చేత్తో గీసిన ప్రతిదీ సొంత సృష్టి అనే భ్రమ ఈ ఆట విషయంలో మొదటిరోజునుంచీ చెల్లదు.

తరవాత నిజమైన చిత్రకారులు వచ్చారు. 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకానికి డేవిడ్ ట్రాంపియర్ ముఖచిత్రం వేశాడు. బ్రహ్మాండమైన రాక్షస విగ్రహం. దాని కంటిలోని మణిని దొంగలు పైకెక్కి ఊడబెరుకుతుంటారు. మనకు చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడూ బేతాళుడూ ఎంతో, ఆ ఆట ఆడినవాళ్లకు ఆ బొమ్మ అంత. ట్రాంపియర్ 1980ల చివర చిత్రరచన మానేశాడు. ఇలినాయ్ రాష్ట్రంలో కార్బన్‌డేల్ అనే ఊళ్లో టాక్సీ నడుపుతూ బతికాడు. 2014లో చనిపోయాడు. టీయస్సార్‌ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. ఆ విజార్డ్స్‌ను 1999లో బొమ్మల వ్యాపారంలో ఆరితేరిన హాస్బ్రో కొన్నది. యంత్రం రాకముందు చిత్రకారులకు స్వర్ణయుగం నడిచిందని ఎవరైనా అంటే నేను ట్రాంపియర్ పేరు చెబుతాను.

ఇక యంత్రం. నిజానికి ఇవి కంప్యూటరు ప్రోగ్రాములు. కృత్రిమ మేధ అని మన పత్రికలు పేరు పెట్టాయి. కాని మేధ అనే మాట మీద నాకు కొన్ని అనుమానాలున్నాయి కనక యంత్రం అనే అంటాను. డాల్-ఇ, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ 2022లో జనం చేతికి వచ్చాయి. ఏం కావాలో మాటల్లో రాస్తే నిమిషంలో బొమ్మ వస్తుంది. ఆ సామర్థ్యం దానికి ఊరికే రాలేదు. లయాన్ అనే పేరుతో 2022లో వెలువడిన ఒక్క పట్టికలోనే 585 కోట్ల బొమ్మల చిరునామాలూ వాటి వివరణలూ వున్నాయి. అలాంటి పట్టికల్లోనుంచి ఏరిన బొమ్మలు చూపించే స్టేబుల్ డిఫ్యూజన్‌కు గీత నేర్పారు. ఆ బొమ్మలు గీసినవాళ్లను అడగలేదు, వాళ్లకు దమ్మిడీ ఇవ్వలేదు.

ఈ నేర్పటంలో ఎవరి బొమ్మలు ఎక్కువ పనికివచ్చాయో చూడండి. గ్రెగ్ రుట్కోవ్‌స్కీ అని పోలెండు చిత్రకారుడు ఒకాయన వున్నాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు బొమ్మలు గీశాడు. "రుట్కోవ్‌స్కీ పద్ధతిలో గీయి" అని జనం యంత్రానికి పురమాయించిన సందర్భాలు 2022 సెప్టెంబరు నాటికే 93,000 వరకూ లెక్కకు వచ్చాయి. పికాసో పేరు రెండువేలకు అటూ ఇటూ. అంటే ఈ యంత్రానికి గిరాకీ మొదట పుట్టింది మ్యూజియం కళ కోసం కాదు. కత్తులు, కోటలు, రాక్షసుల బొమ్మల కోసం. అదే ఏడాది ఆగస్టులో కొలరాడో రాష్ట్ర సంతలో మిడ్‌జర్నీ బొమ్మకు మొదటి బహుమతి వచ్చి పత్రికల కెక్కింది. దాన్ని పంపిన జేసన్ ఆలెన్ బల్లమీద ఆడే ఆటల వ్యాపారం చేసే మనిషి. ఇది కాకతాళీయం కాదని నా ఉద్దేశం. ఆ వ్యాపారంలో బొమ్మకు ఎంత ఖర్చవుతుందో తెలిసినవాడికే ఆ యంత్రం విలువ ముందు తెలుస్తుంది.

చిత్రకారులకు కోపం రావటం సహజం. విశేషమేమిటంటే కొనేవాళ్లకు కోపం వచ్చింది. సామాన్యంగా సరుకు చౌకగా తయారైతే కొనుగోలుదారు సంతోషిస్తాడు. ఇక్కడ అలా జరగలేదు. 2023 ఆగస్టులో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు రాకాసుల మీద కొత్త పుస్తకం రానుండగా, అందులో కొన్ని బొమ్మల్లో అవయవాల తీరు చూసి పాఠకులే పట్టుకున్నారు. ఆ సంస్థకు చాలా ఏళ్లుగా పనిచేస్తున్న చిత్రకారుడు యంత్రం సహాయం తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. సంస్థ వెంటనే చిత్రకారుల నియమాలు మార్చి యంత్రాన్ని వాడరాదన్నది. 2024 జనవరిలో అదే సంస్థ తన పేకాట మాజిక్‌కు వేసిన ప్రకటన బొమ్మ మీద కూడా గొడవ వచ్చింది. మనిషే గీశాడని మొదట దబాయించి, మూడు రోజుల్లో మాట మార్చుకున్నది. ఈ ఆటల పుస్తకాలకు ఏటా ఇచ్చే ఎన్నీ బహుమతుల వాళ్లు, యంత్రం చేయి పడిన పుస్తకాన్ని ఇకమీద పోటీకే తీసుకోమని 2025లో ప్రకటించారు. అంతకుముందు పెట్టిన మెతక నియమాన్ని ఆటగాళ్లు ఒప్పుకోలేదు.

వీటన్నిటికంటే ముందు, 2023 మార్చిలో పైజో అనే సంస్థ తన పుస్తకాలలో యంత్రపు బొమ్మలూ రాతలూ వుండవనీ, పని మనిషే చేయాలని ఒప్పందాల్లో రాస్తామనీ ప్రకటించింది. పైజో ఉద్యోగులు 2021 అక్టోబరులో యూనియన్ పెట్టుకున్నారు. ఈ ఆటల పరిశ్రమలో మొట్టమొదటి యూనియన్ అదే. ఈ రెండు సంగతులకూ ముడిపెట్టి కార్యకారణ సంబంధం నిరూపించే ప్రయత్నం నేను చేయను. కాని కూలి అనే మాట పైకి అనటం అలవాటైన చోట కళను గురించి కూడా మనుషులు సూటిగా మాట్లాడతారని మాత్రం అనుకుంటున్నాను.

ఎందుకు సూటిగా అంటున్నానంటే, ఈ తగాదాలో వినిపించే వాదాల్లో చాలా భాగం సూటివి కావు. యంత్రం గీసిన బొమ్మకు ఆత్మ వుండదనేది మొదటి వాదం. నాకిది బొత్తిగా నచ్చదు. ఆత్మ వుందో లేదో చూసి చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు. పోనీ ఆ మాటకు అనుభవం అనీ, జీవితస్పర్శ అనీ అర్థం చెప్పుకుందామా అంటే, మనుషులు గీసిన రాక్షసుల బొమ్మలు మా మేనల్లుడి అలమరాలో వందలున్నాయి. వాటిలో సగానికి జీవితంతో ఏ సంబంధమూ లేదు. ఒక చిత్రకారుణ్ణి చూసి మరొకడు, అతన్ని చూసి ఇంకొకడు గీసినవే. కావ్యాల్లో సముద్రం ముఖం చూడనివాళ్లు చేసిన సముద్రవర్ణనలు చదివినవాణ్ణి, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. పైపెచ్చు ఈ వాదంలో ఒక ప్రమాదం వుంది. రేపు యంత్రం మరింత బాగా గీసి, ఏది దానిదో ఏది మనిషిదో చెప్పలేకపోతే, ఆత్మవాది నోరు మూసుకోవలసి వస్తుంది. అప్పటికి కూలి పోయినవాడి కూలి మాత్రం పోయే వుంటుంది.

దొంగతనం అనే వాదం ఇంతకంటే గట్టిది. మరి 1974లో మార్వెల్ బొమ్మలు దించిన కుర్రవాడి మాటేమిటని యంత్రం పక్షంవాళ్లు అడుగుతారు. అడగవలసిందే. అతను చేసింది కూడా ఘనకార్యం కాదు. కాని అతను ఒక్క సంచిక ముందు పెట్టుకుని దించాడు, తన చేత్తో దించాడు. దించుతూ గీయటం నేర్చుకున్నాడు. అతని వల్ల మార్వెల్ చిత్రకారుడికి పని పోలేదు. యంత్రం కోట్ల బొమ్మలను ఒక్క గుక్కలో మింగింది, మింగించింది పెట్టుబడి వున్న సంస్థ, దానికి పోటీగా నిలబెట్టింది ఆ బొమ్మలు గీసినవాళ్లనే. పరిమాణం పెరిగి పెరిగి ఒక చోట గుణమే మారిపోతుందని మనం ఎన్నో విషయాల్లో చెప్పుకుంటాం. ఇక్కడా అంతే. 2023 జనవరిలో ముగ్గురు అమెరికన్ చిత్రకారులు ఈ సంస్థల మీద వ్యాజ్యం వేశారు. వారిలో కార్లా ఓర్తీజ్ మాజిక్‌కు బొమ్మలు గీసినామె. 2024 ఆగస్టులో న్యాయమూర్తి వారి ముఖ్యమైన ఆరోపణలను కొట్టివేయకుండా విచారణకు రానిచ్చాడు.

నా విద్యార్థి సంగతి చెబితే మూడో వాదం దానంతటదే తేలుతుంది. నేను మనుచరిత్ర పాఠం చెబుతుంటే అతను నోటుపుస్తకం చివరి పేజీల్లో హిమాలయాలూ వరూధినీ గీస్తూ కూచునేవాడు. బి.ఏ. అయిన తరవాత సైన్‌బోర్డులు రాశాడు, పెళ్లిమండపాలకు తెరలు వేశాడు. 2019లో ఎవరో చూపిస్తే అమెరికాలోని చిన్న ప్రచురణకర్తలకు ఈ ఆటల బొమ్మలు గీసి పంపటం మొదలుపెట్టాడు. పావుపేజీ బొమ్మకు 40 డాలర్లు, పేజీ నిండా అయితే 150. నెలకు ఆరేడు బొమ్మలు వచ్చేవి. మా కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పే అధ్యాపకుడి సంపాదన కంటే అది ఎక్కువ. చెల్లెలి పెళ్లి ఆ డబ్బుతో చేశాడు. అతను గీసిన గుహల్లో గుత్తికొండ బిలం నీడలున్నాయి, అతని రాక్షసుల కోరలు తెనాలి చుట్టుపక్కల జాతర తెరలమీద నేను చూసినవే. కొన్న అమెరికావాడికి ఆ సంగతి తెలియదు, తెలియనక్కర లేదు.

2023 తరవాత నెలకు రెండు బొమ్మలు రావటం గగనమైంది. వాటికి బదులు కొత్తరకం పని వచ్చింది. యంత్రం గీసిన బొమ్మ పంపి, వేళ్లు ఆరున్నాయి, అయిదు చేసి పంపమంటారు. దానికి 5 డాలర్లు. ఒకసారి అతను స్వయంగా గీసిన బొమ్మనే ఎవరో చూసి యంత్రం పనని ఆరోపించారు. ప్రచురణకర్త సంజాయిషీ అడిగాడు. అప్పటినుంచీ అతను గీసేటప్పుడు రెండో ఫోను తలపైన కట్టి చేతిని ఫిలిం తీసుకుంటున్నాడు. "ఇదివరకు బొమ్మకు కూలి తీసుకునేవాణ్ణి మాష్టారూ. ఇప్పుడు ఆ బొమ్మ నేనే గీశానని రుజువు చేసే పని కూడా చేస్తున్నాను. దానికి కూలి లేదు," అన్నాడు. ఇతని ఒక్కడి గతే కాదు. 2023 డిసెంబరులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త పుస్తకం ప్రచారానికి వేసిన మరుగుజ్జు వీరుడి బొమ్మ మీద కూడా ఇలాంటి నిందే పడింది. అది చిత్రకారుడు చేత్తో గీసిందేనని తేలింది, నింద వేసినవాడు క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆటగాళ్ల వైఖరిలో నాకు కనిపించే లోపం ఇక్కడ వుంది. వాళ్లు అడిగే ప్రశ్న: ఇందులో యంత్రం చేయి పడిందా లేదా? ఇది మైలను గురించి అడిగే ప్రశ్న. మడి, మైల చూడటం మొదలుపెట్టినవాడు ముందు అనుమానించేది పక్కనున్న బీదవాణ్ణే. ఆరోవేలు కోసం భూతద్దం పెట్టి వెతికేవాళ్లు, ఈ బొమ్మకు ఎంత ఇచ్చారని పుస్తకం వేసినవాణ్ణి అడగరు. అడిగితే వేరే సంగతులు బయటికి వస్తాయి. 2023 డిసెంబరు 11న హాస్బ్రో దాదాపు 1100 మందిని ఉద్యోగాలనుంచి తీసివేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది అంతకుముందు 800 మంది పోయారు. క్రిస్మస్ పండుగ ముందు పోయిన ఆ ఉద్యోగాల్లో విజార్డ్స్‌లోని చిత్రశాఖవాళ్లవి కూడా వున్నాయి. ఆ తరవాత వారం రోజులకే, మా పుస్తకాలకు మనుషులే గీస్తారు, తుదిరూపంలో యంత్రానికి చోటు లేదు అని అదే విజార్డ్స్ మరోసారి ప్రకటించింది. నియమం వుంది, మనుషులు లేరు. 2024 సెప్టెంబరులో హాస్బ్రో అధిపతి క్రిస్ కాక్స్ పెట్టుబడిదారుల సభలో మాట్లాడుతూ, తనతో ఆట ఆడే ముప్ఫై నలభై మందిలో యంత్రాన్ని ఏదో రకంగా వాడనివాడు ఒక్కడూ లేడన్నాడు. మాట ఎవరిముందు చెప్పాడో చూస్తే దాని అర్థం తెలుస్తుంది.

మరి సంస్థలు యంత్రాన్ని ఎందుకు నిషేధించినట్టు? అభిమానుల భయం ఒక కారణం. రెండోది నా ఊహ. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం మిడ్‌జర్నీ బొమ్మలతో వచ్చిన ఒక కామిక్ పుస్తకం విషయంలో, కథకూ అమరికకూ హక్కు వుంటుంది గాని ఆ బొమ్మలకు వుండదని తీర్పు చెప్పింది. హక్కు లేని రాక్షసుణ్ణి ఎవడైనా తీసుకుని తన పుస్తకంలో వేసుకోవచ్చు. రాక్షసుడి బొమ్మను చొక్కాల మీద, సినిమాల్లో, ఆటవస్తువుల్లో అమ్ముకునే వ్యాపారికి ఇది మింగుడుపడే సంగతి కాదు. మనిషి గీసిన బొమ్మను అతని దగ్గర ఒకసారి కొంటే ఏళ్ల తరబడి తమదవుతుంది. కనక ఈ సంస్థలు మనిషిని కోరటంలో మనిషి మీద ప్రేమ ఎంతో, అతని దగ్గర కొనుక్కునే హక్కు మీద ప్రేమ ఎంతో విడదీసి చూడాలి.

యంత్రాన్ని ఎదిరించటం వెనకబడినవాళ్ల పని కాదా అని మనవాళ్లు అడగవచ్చు. యంత్రం ఒళ్లు హూనమయ్యే పనిని తప్పిస్తే దానికి మనం దండం పెడతాం. మిల్లు వచ్చి నేతగాడి పొట్టకొట్టింది నిజమే అయినా, బట్టలేని బీదవాడికి బట్ట చౌకయిందన్న సమాధానమైనా వుండేది. రాక్షసుడి బొమ్మ చౌకైతే ఏ బీదవాడి లోటు తీరుతుంది? బొమ్మలు గీసే చాకిరీ నుంచి మమ్మల్ని విముక్తి చేయండని ఏ చిత్రకారుడూ మొరపెట్టుకోలేదు. అతను సైన్‌బోర్డుల నుంచి, ఎండలో పరంజీల మీదినుంచి తప్పించుకుని ఈ పనికి వచ్చాడు.

మా మేనల్లుడితో నాకు తగాదా వచ్చింది వేరే చోట. కిందటి వేసవిలో అతని కథలో ఒక సత్రం నడిపే ముసలావిడ వచ్చింది. ఫోన్లో నాలుగు మాటలు రాసి, ఆవిడ బొమ్మ తెప్పించి అందరికీ చూపించాడు. ముక్కుపుడకతో సహా వచ్చింది, బాగానే వుంది. నా ముఖం చూసి, "ఇది నేను అమ్ముకోవటం లేదు గదా మావయ్యా. ఈ రాత్రి అయిపోతే ఎవరూ మళ్లీ చూడరు. దీనికోసం మీ శిష్యుడికి నేను నలభై డాలర్లు ఇస్తానా? ఈ యంత్రం లేకపోతే బొమ్మ లేకుండానే ఆడేవాళ్లం," అన్నాడు. ఈ మాటలో న్యాయం వుంది. అక్కడి ఆటగాళ్లలో కూడా చాలామంది ఈ గీతే గీశారు: సొంత బల్ల దగ్గర వాడుకోవచ్చు, అమ్మే పుస్తకంలో వేయకూడదు. ఆత్మవాదం కంటే ఈ గీత సబబైనది, ఎందుకంటే ఇది బొమ్మను కాకుండా లావాదేవీని చూస్తున్నది. కాని ఆ యంత్రానికి మా వాడు నెలనెలా చందా కడుతున్నాడు. ముసలావిడ బొమ్మ అమ్ముడుపోకపోవచ్చు, ఆ బొమ్మ గీసే సేవ మాత్రం అమ్ముడుపోతూనే వుంది. డబ్బు చేతులు మారటం లేదనటం నిజం కాదు, మారవలసిన చేతికి మారటం లేదు. ఇది చెబితే అతను పాచిక వేసి, "పన్నెండు. మీ వాదం సగం తగిలింది," అన్నాడు.

చిన్న ప్రచురణకర్తల మాట కూడా వినాలి. ఇరవై పేజీల కథ రాసుకుని రెండు డాలర్లకు అమ్ముకునే మనిషి బొమ్మకు వంద డాలర్లు ఎక్కడ తెస్తాడు? అతను పెట్టుబడిదారు కాదు, అతనూ కూలివాడే. అయితే అతనికి దారులు లేవనటం ఒప్పుకోను. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000 బొమ్మలను ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చని ఇచ్చివేసింది. వాటిలో రాక్షసులకు కొదవలేదు. అదీ కాకపోతే బొమ్మ లేకుండా వేయవచ్చు. 1977లో ట్రావెలర్ అనే ఆట వచ్చింది. అంతరిక్షంలో నడిచే కథ. చిన్న చిన్న నల్ల అట్టలు, వాటిమీద పేరు, ఒక ఎర్రగీత. బొమ్మ లేదు. ఆ ఆటను ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇదంతా దూరదేశపు సంగతిగా మిగిలివుంటే ఈ పత్రికకు రాసేవాణ్ణి కాదేమో. ఈ ఏడాది నాకు సమీక్షకు అందిన కవితాసంపుటాల్లో మూడింటి ముఖచిత్రాలు యంత్రం గీసినవి. ఒకటి చేనేత కార్మికుల మీద రాసిన దీర్ఘకవిత. అట్టమీద మగ్గం వుంది, పడుగు ఎటు పోతున్నదో పేక ఎటు పోతున్నదో తెలియదు, మగ్గం ముందు కూచున్న మనిషికి పాదాలు గుంటలోకి దిగలేదు. లోపల ముఖచిత్రం అనే మాట ఎదుట పేరు లేదు. ఆ కవి నాకు మిత్రుడు. ఇంతకుముందు సంపుటానికి ముఖచిత్రం వేసినతనికి మూడువేలు ఇచ్చాడని నాకు తెలుసు. ఈసారి ఎందుకిలా చేశావని అడిగాను. "పాఠకుడు కవిత్వం చూస్తాడు గాని అట్ట చూస్తాడా?" అన్నాడు. నిజంగా చూడడని నమ్మితే నల్ల అట్ట వేసి, పేరు రాసి, ఒక ఎర్రగీత గీసి వూరుకోవచ్చునని చెప్పాను. రెండో ముద్రణకు ఆలోచిస్తానన్నాడు.